జుట్టు క్లిప్పులు పెట్టిన పేజీలు

మా ఇంట్లో నన్ను రాతిగుండె అంటారు. జబ్బుపడ్డ అక్క కూతురికి యుద్ధం పుస్తకం కొనిచ్చానట. అందులో బాంబులు పడే ఊళ్లో, ఆస్పత్రి మంచం మీదున్న ఒక పాప చిక్కుడు గింజ నాటుతుంది. చివరికది మొలకెత్తుతుందన్న మాట మాత్రం మావాళ్ల చెవికెక్కదు.

ఇవాళ వార్డుకు వెళ్లేసరికి అక్క మందులు తేవడానికి కిందికి వెళ్లింది. పుస్తకం మధ్యలో నాలుగైదు పేజీలు క్లిప్పులతో మూసి ఉన్నాయి. పిల్ల జుట్టు రాలిపోయాక ఖాళీగా ఉన్న క్లిప్పులకు ఇలా ఉద్యోగం దొరికింది.

"మీ అమ్మ సెన్సారు బోర్డులో చేరిందా?" అన్నాను.

"అమ్మ కాదు పిన్నీ, నేనే పెట్టా."

"భయమేసిందా?"

"నాకా? నువ్విచ్చిన రోజే మొత్తం చదివేశా. అమ్మ నాకు చదివి వినిపిస్తూ, ఆ పాప బాధపడే ఈ పేజీలకొస్తే దగ్గొస్తుంది. బయటికెళ్లి, కళ్లు కడుక్కుని వస్తుంది. కథ ఆగిపోతోందని మూసేశా. నీకు బుద్ధొచ్చి నువ్వే మూశావనుకుంది. నేనూ అవునన్నా."

"పోన్లే, నాకిప్పటికైనా మంచిపేరొచ్చింది. మరి మొలక దాకా చదివిందా?"

"చదివింది. 'ఊఁ, బాగుంది' అని మూసేసింది." పిల్ల పెదవి విరిచింది. "అంతేనా పిన్నీ? మొలకొచ్చినా అమ్మకి సంతోషమే కలగలేదు."

మెట్ల మీద అక్క చెప్పుల చప్పుడు వినిపించింది. నేను క్లిప్పులన్నీ తీసేశాను. అక్క లోపలికి రాగానే, మళ్లీ బయటికి పోకుండా కుర్చీ తలుపుకు అడ్డంగా వేసుకున్నాను.

ఇవాళ అక్కకు నేను చదువుతాను. ఒక్క పేజీ కూడా వదలను.