వాగు మీద కొత్త మాను

అడవిలో వాగుకు అడ్డంగా పడి ఉన్న మద్దిమానే జంతువులన్నిటికీ వంతెన. అది పుచ్చిపోయి, కాలు పెడితే కిర్రుమంటోంది. వానలేమో ముంచుకొస్తున్నాయి. కొత్త మాను వేసే పని గుబురయ్య అనే ఎలుగుబంటి నెత్తికెత్తుకున్నాడు.

"పనయ్యేదాకా ఎవరూ దాటడానికి వీల్లేదు!" అని దారికి అడ్డంగా చతికిలబడ్డాడు.

దూదమ్మ అనే కుందేలు గాభరాపడింది. "మేత అవతల, పిల్లలు ఇవతల. నేను మేస్తేగా మామా వాళ్ళకు పాలు!"

"నా కాళ్ళ సందున మీరంతా తిరుగుతుంటే పనెలా చేసేది?" అని కసిరాడే గానీ, పిల్లల మాట వినేసరికి గుబురయ్య మనసు మెత్తబడింది. గొణుక్కుంటూనే పక్కకు జరిగాడు.

పాతదాని పక్కనే కొత్త మాను దించాడు. అవతలి కొన బురదలో దిగింది గానీ, ఇవతలి కొన నిలవక దొర్లిపోతోంది. రాళ్ళు తెద్దామంటే మాను వదలాలి, వదిలితే వాగుపాలు. సాయం అడగడానికి నామోషీ. దాన్ని రెండు చేతులా కావలించుకుని ఆయాసపడుతూ నిలబడ్డాడు.

మేతకు పోతున్న దూదమ్మ అది చూసి, మాను కింద ఒక రాయి దొర్లించి మరీ వెళ్ళింది. వెనకే వచ్చిన ముంగిస ఇంకోటి దొర్లించింది. అడవిపంది మూతితో పెద్ద బండనే నెట్టింది. పొద్దువాలేలోగా దాటినవాళ్ళందరూ తలా ఒక రాయి వేశారు.

"ఇక వదిలెయ్ మామా," అంది తిరిగొచ్చిన దూదమ్మ.

గుబురయ్య భయంభయంగా ఒక చెయ్యి తీశాడు, తర్వాత రెండోది. మాను కదల్లేదు.

"పొద్దున నీ మాట విని మేమంతా ఆగిపోయి ఉంటే?"

"ఇంకా దీన్ని కావలించుకునే ఉండేవాణ్ణి తల్లీ!" అంటూ గుబురయ్య పగలబడి నవ్వాడు.