ఒక రోజు ముందు

2013 నవంబరు 14, గురువారం. ఆ మధ్యాహ్నం జగదీష్ ఆఫీసులో తిన్నది పులిహోర, గారెలు. ముందురోజు భార్య తద్దినానికి కూతురు వర్ష వండినవే మిగిలాయనుకున్నాడు. రాత్రి గడిచినా గారెలు కరకరలాడుతూనే ఉండటం అతనికి చిన్న వింతగా తోచింది.

సాయంత్రం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇల్లు చేరేసరికి, తెలిసిన పెద్దాయన పరంధామయ్యగారు సోఫాలో కూర్చుని ఉన్నారు.

"మీ వెబ్‌సైట్ చూసి పోయిన వారం మా ఆవిడ తద్దినం పెట్టాను జగదీష్‌గారూ. ఒకరోజు ముందే పెట్టేశానంటున్నారు గుళ్లో పంతులుగారు."

పోయినవాళ్ల తేదీ ఇస్తే ఈ ఏడు వాళ్ల తిథి ఏ రోజు వస్తుందో చెప్పే ఆ ప్రోగ్రాం జగదీష్ రాసిందే. చుట్టుపక్కల నలభై కుటుంబాలు దాన్నే నమ్ముకున్నాయి.

"ఆయన ఇండియా పంచాంగం చూసుంటారు. కంప్యూటర్ లెక్క తప్పదండీ," అన్నాడు, కాస్త కటువుగానే. కాఫీ తెచ్చిన వర్ష తండ్రి వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. పెద్దాయన కాఫీ తాగి వెళ్లారు.

పంతులుగారిదే తప్పని రుజువు చేద్దామని జగదీష్ కోడ్ తెరిచాడు. తప్పు నాలుగో లైన్లోనే ఉంది. టైము చెప్పకుండా తేదీ ఒక్కటే ఇస్తే, అక్కడ వాడిన కోడ్ ఫంక్షన్ దాన్ని గ్రీనిచ్ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. అప్పటికి న్యూజెర్సీలో ఇంకా ముందురోజు సాయంత్రమే. అలా పోయినవాళ్లందరి తేదీలూ, వాటితో తిథులూ ఒక రోజు వెనక్కి జరిగాయి.

సరిచేసి, భయపడుతూనే భార్య పోయిన తేదీ కొట్టాడు. నవంబరు 14 అని వచ్చింది. అంటే ఈ రోజే.

వెంటనే పరంధామయ్యగారికి ఫోన్ చేసి తప్పు తనదేనని ఒప్పుకున్నాడు.

"పోనీలెండి. మా శశికళకి ఎక్కడికెళ్లాలన్నా ఒకరోజు ముందే తయారై కూర్చోవడం అలవాటు," అన్నారాయన.

ఆ మంచితనానికి ఇంకా సిగ్గేసింది. మరో ముప్పైతొమ్మిది ఇళ్లకి ఇలాగే చెప్పుకోవాలి. వాళ్లకైనా చెప్పొచ్చు. తల్లి తిథి నాడు ఆఫీసుకెళ్లి కూర్చున్నానని కూతురికి ఏ ముఖంతో చెప్పడం? పడుకోబోతున్న వర్ష గది ముందు తలవంచుకుని నిలబడ్డాడు.

"మీ అమ్మ తద్దినం నిన్న కాదమ్మా, ఈ రోజు. నా ప్రోగ్రాంలోనే తప్పు."

"తెలుసు నాన్నా. టెంపుల్‌లో అడిగాను. నిన్న నువ్వు అంత శ్రద్ధగా చేస్తుంటే చెప్పలేకపోయాను."

"అసలు తిథి నాడేమో ఏమీ చెయ్యలేదు," అన్నాడు జగదీష్.

"ఈ రోజు పొద్దున్నే లేచి మళ్లీ వండాను. మధ్యాహ్నం నువ్వు తిన్నవి నిన్నటి గారెలు కాదు," అని వర్ష మెల్లగా తలుపు వేసుకుంది.