ఇవాళ్టికి తాళం

ఎవరి జ్ఞాపకాలు వాళ్ళ తలలోనే ఉండే రోజులు పోయాయి. ఇప్పుడు ఇంటిల్లిపాదీ చూసిందీ విన్నదీ హాల్లోని పెట్టెలో చేరుతుంది. సుభాషిణి అత్తగారు భ్రమరాంబ రోజూ సాయంత్రం బెండకాయలు తరుగుతూ, కోడలి రోజంతా సీరియల్ చూసినట్టు గోడ మీద చూస్తారు. వీధిలో అత్తలందరూ అంతే.

ఆ రోజు సుభాషిణికి కాలు నిలవలేదు. రొమ్ములో గడ్డ ఉందని, మర్నాడు పరీక్షకి రమ్మని పొద్దున డాక్టరు చెప్పిన మాట అత్తగారి కంట పడకూడదు. ఆవిడ పక్కింటికి వెళ్ళగానే పెట్టెలోని ఆస్పత్రి జ్ఞాపకాన్ని వేరే ఫోల్డర్లో పెట్టి, పాస్‌వర్డ్‌ని అక్షరం అక్షరం పైకి చదువుకుంటూ కొట్టింది. తాళం పడిందో లేదోనని మళ్ళీ మళ్ళీ చూసుకుంది. ఈలోగా పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

సాయంత్రం భ్రమరాంబ కత్తిపీట ముందు కూర్చున్నారు. కాసేపటికి తరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. వంటింట్లో సుభాషిణికి అప్పుడు తట్టింది, పాస్‌వర్డ్ కొట్టిన జ్ఞాపకానికి తాళం వెయ్యలేదని.

"రేపు ఆస్పత్రికి నేనూ వస్తాను," అన్నారు అత్తగారు తలెత్తకుండా. "మీ ఆయన అసలే బెంబేలు మనిషి. వాడు వచ్చేలోగా నా ఇవాళ్టికి కూడా తాళం వెయ్యి. ఈసారి నోరు మెదపకు."