ఆమె పంపిన వేడి

కళ్ళద్దాల షాపులో అతను కస్టమర్‌కి ఫ్రేము బిగిస్తుంటే జేబులో ఫోన్ టింగుమంది. ఇంట్లో హీట్ పంప్ ఆన్ అయింది. ఇరవై నాలుగు డిగ్రీలు. ఆన్ చేసింది భార్య ఫోన్ నుంచి.

ఆమె అలిగి వాళ్ళ అక్కింటికి వెళ్ళిపోయి నెల దాటింది. సోఫా నిండా వైర్లు, అన్నం తినే టేబుల్ మీద సోల్డరింగ్ ఐరన్. చూసీ చూసీ, "ఆ వైర్లతోనే కాపురం చేసుకో" అని పెట్టె సర్దేసింది. మామగారు కూతురికి కట్టించిచ్చిన ఇంట్లో అతనొక్కడే మిగిలాడు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తట్లేదు.

అతను చేసిన పిచ్చిపనుల్లో ఆమెకి నచ్చింది ఇదొక్కటే. ఇల్లు వెచ్చబెట్టే హీట్ పంప్‌కి అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ తగిలించి, ఇంటి వైఫైకి కలిపేశాడు. ఎక్కడున్నా ఫోన్లో నొక్కితే చాలు, తలుపు తీసేసరికి లోపల హాయిగా ఉంటుంది.

ఇప్పుడు వారానికి రెండు మూడుసార్లు, అతను షాపులో ఉండగా, నొక్కుతోంది. సాయంత్రం ఇంటికెళ్తే ఇల్లంతా వెచ్చగా. మాట్లాడదట, కానీ మొగుడు చలికి వణక్కూడదట. అతనికి ఒకటే నవ్వు. హాల్లో కర్టెన్లు కూడా తీసే ఉండేవి. పొద్దున హడావిడిలో తనే తీసుంటాడు.

పక్క కౌంటర్ వాడికి చెప్తే పడీ పడీ నవ్వాడు. "వదిన నిన్నింకా డిలీట్ చెయ్యలేదురా. వెళ్ళి కాళ్ళ మీద పడు."

"పడతా. ముందు ఇల్లు సర్దనీ."

నిజంగానే సర్దాడు. వైర్లన్నీ అట్టపెట్టెలో కుక్కి అటకెక్కించాడు. ఓసారి సిగ్నల్ అందక పంప్ మధ్యలో ఆగిపోతే, ఆదివారమంతా కూర్చుని పెద్ద యాంటెనా పెట్టాడు. ఆమె పంపింది ఒక్కటి కూడా తప్పిపోకూడదు.

ఇవాళ టింగుమనేసరికి ఇక ఆగలేకపోయాడు. మేనేజర్‌కి తలనొప్పని చెప్పి బండెక్కాడు. దారంతా మాటలు కూడబలుక్కున్నాడు. తప్పు నాదే, వైర్లన్నీ తీసేశా, వచ్చెయ్.

ఇంటికి తాళం లేదు. తలుపు దగ్గరగా వేసుంది.

వచ్చేసింది. జుట్టు సవరించుకుని, తన ఇంటి బెల్ తనే కొట్టాడు.

ఫైలు చంకలో పెట్టుకున్న ఎవరో పెద్దమనిషి తలుపు తీసి, నోరారా నవ్వాడు.

"మీరూ ఇల్లు కొనడానికేనా సార్, రండి రండి, లోపలెంత వెచ్చగా ఉందో చూడండి, ఎవరికి చూపించాలన్నా మేడమ్ ముందే వేడి పెట్టి ఉంచుతారు."