తొట్టి మీద నా పేరు

ఈ ఏటి చెరకు క్రషింగ్ ముగిసిందని ఫ్యాక్టరీలో విందు. గ్లాసు పైకెత్తి ఉపన్యాసం మొదలుపెట్టాను. నేను కట్టుకున్న ఏప్రన్ మీద ‘వంటల రాజు’ అని కుట్టి ఉంది. నా వెనక నా భార్య జాసిరా పొగకి దగ్గుతూ మాంసం కాలుస్తోంది.

“చెరకు రసాన్ని పులియబెట్టి కార్లకు ఇంధనంగా, ఇథనాల్‌గా మార్చడంలో మన పిరసికాబా జిల్లా మిల్లులన్నిట్లో ఈ ఏడాది మనమే ముందున్నాం. కారణం, జన్యువులు మార్చి నేను తయారుచేసి, నా పేరే పెట్టిన ‘ఎవాండ్రో’ ఈస్ట్...”

ల్యాబులో పనిచేసే డాల్వా వచ్చి నా చొక్కా లాగింది.

“సార్, కాస్త ఆగండి. పరీక్ష ఫలితం వచ్చింది. రసం పులిసే తొట్టిలో మన ఈస్ట్ లేదు.”

“తగ్గిందా?”

“అసలు లేదు సార్. ఎప్పుడో చచ్చిపోయింది.”

“మరి ఇంత ఇథనాల్ ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“చెరకు గడల్ని అంటుకుని పొలం నుంచి ఏదో అడవి ఈస్ట్ వచ్చింది. మనదాన్ని తరిమేసి, పనంతా అదే చేసింది.”

బీరు గ్లాసు కిందికి దించాను. నా పేరున్న కొత్త బోర్డును మొన్ననే ఆ తొట్టికి నేనే దగ్గరుండి బిగింపజేశాను, వంకర లేకుండా.

“బోర్డు పీకించమంటారా సార్?” అంది డాల్వా జాలిగా.

జాసిరా చువ్వ తిప్పుతూనే అంది. “ఉండనీ డాల్వా. పని ఇంకెవరో చేస్తారు, పేరు ఈయనకొస్తుంది. మా ఇంట్లో ఎప్పట్నుంచో ఇంతేగా.”

విన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వుతూ తల దించుకున్నాను.

నా ఏప్రన్ మీద ఒక్క మసి మరక కూడా లేదు.