కుట్టిన గుడ్డ

"పార వద్దు. చేత్తో తియ్యి," అన్నాడు పెద్దాయన, డాబా మీద కుర్చీలోంచి కదలకుండానే.

మేస్త్రి పార పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. డాబాల మీద తోటలు వేసే పని ఈ పెద్దాయన దగ్గరే నేర్చుకున్నాడు. "నేను వేసిన కప్పు చుక్క కారితే మీసం తీసేస్తా" అని ఊరందరితో పందెం కాసిన మనిషి ఆయన. అలాంటిది ఇప్పుడు సొంత ఇంటి కప్పే కారుతోందట. పైగా కారుతోందని చెప్పిందీ ఆయనే.

"అయితే మీసం పోయినట్టేనా గురువుగారూ?"

"పోతే పోనీ."

మేస్త్రికి నవ్వు రాలేదు. పెద్దాయన కోడలి వైపు తిరిగాడు. "ఎప్పటినుంచి కారుతోందమ్మా?"

"ఈ వానలు మొదలైనప్పటి నుంచీ. పొద్దున్నే పక్క సర్దడానికి వెళ్తే మామయ్యగారి దిండు తడిసి ఉంటోంది. కప్పు కారుతోందమ్మా అన్నారు."

"నిన్న వాన లేదే?"

"నేనూ అదే అడిగాను. మామయ్యగారు విడమరిచి చెప్పారు. మొక్కల కింద మట్టి, మట్టి కింద వడపోత గుడ్డ, దాని కింద గుంటల పలక ఉంటాయట కదా. వాన నీళ్ళు ఆ గుంటల్లో నిలుస్తాయట. అన్నిటికీ అడుగున నీళ్ళు దిగకుండా పరిచిన షీటుకి చిల్లి పడితే వాన ఆగినా చుక్కా చుక్కా దిగుతూనే ఉంటుందట."

"నిజమే. కానీ కింద గదిలో చూసొచ్చాను, మచ్చ లేదు."

"మొదట్లో మచ్చ పడదు," అన్నాడు పెద్దాయన వెంటనే.

మెట్ల దగ్గర నిలబడిన కొడుకు విసుక్కున్నాడు. "ఇంకా చూసేదేముంది? తోట మొత్తం పీకించేద్దాం. స్లాబు నానితే పెచ్చు ఊడి నాన్న నెత్తిన పడుతుంది."

పెద్దాయన చెయ్యి మీసం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ పొరలు వేసింది ఆయనే గానీ, ప్రతి మొక్కా నాటింది ఆయన భార్య. వానాకాలానికి ముందే ఆవిడ పోయింది. ఆ రోజు ఆయన వచ్చినవాళ్ళకి కుర్చీలు వేయిస్తూ, మంచినీళ్ళు ఇప్పిస్తూ తిరిగాడు. మనిషా మానా అనుకున్నారు బంధువులు. కొడుకూ అనుకున్నాడు, ఆ కోపం ఇంకా పోలేదు.

కింద గదిలో పెద్దాయన మంచానికి సరిగ్గా పైన మేస్త్రి మొక్కల్ని వేళ్ళతో సహా తీసి పక్కన పేర్చాడు. మట్టి తోడాడు. గుడ్డ బయటపడింది. రెండు ముక్కలు కలిసిన చోట, ఈ చివర నుంచి ఆ చివర దాకా నీలం దారంతో కుట్లు.

"ఇదేంటి? గుడ్డ మీద గుడ్డ పరిచి వదిలేస్తాం కదా మనం?"

"మా ఆవిడ పని," అన్నాడు పెద్దాయన. "అతుకులోంచి మట్టి జారితే తూము మూసుకుపోతుందని మాటవరసకి అన్నాను. అన్నం తిని వచ్చేసరికి సూదీ దారం పట్టుకుని కూర్చుంది. చీర అంచనుకున్నావా ఏంటే అని నవ్వాను."

"ఆవిడేమన్నారు?"

"ఏమంటుంది? ముడేసి దారం కొరికింది."

మేస్త్రి ఆ కుట్ల మీది మట్టి దులిపాడు. "షీటు చూడాలంటే ఇది కొయ్యక తప్పదు గురువుగారూ."

మేస్త్రి కత్తెర తీసి మొదటి కుట్టు కింద దూర్చాడు.

కుర్చీ వెనక్కి పడింది. పెద్దాయన వచ్చి మట్టిలో కూలబడి, కుట్టు మీద అరచెయ్యి పెట్టాడు.

"కొయ్యకు. షీటు బాగానే ఉంది."

"చూడకుండా ఎలా చెప్తారు?"

"నేను వేసింది. కారదు."

కొడుక్కి ఒళ్ళు మండింది. "మీరే కదా నాన్నా కారుతోందన్నది? కారకపోతే ఆ దిండెలా తడుస్తోంది?"

పెద్దాయన చెయ్యి తియ్యలేదు. కొడుకు మొహమూ చూడలేదు.

"ఆ తడి నా కళ్ళదిరా."