నెత్తిన తెల్లమచ్చ

"ఇదీ పుంజే," అంటూ గుడ్లమ్మ కోడిపిల్లని బకెట్లో ముంచి పట్టుకుంది.

కొడుకు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆమె వేళ్ల చుట్టూ నీళ్లు కాసేపు కదిలాయి, తర్వాత ఆగిపోయాయి. అట్టపెట్టెలో బల్బు వెచ్చదనానికి ఒళ్లు ఆరబెట్టుకుంటున్న మిగతా పిల్లలు, పిచ్చి మొహాలు, పైనుంచి చెయ్యి వచ్చినప్పుడల్లా మేత అనుకుని ఎగబడుతున్నాయి.

"ఇంత చిన్నప్పుడే నీకెలా తెలుస్తుందమ్మా?"

"నెత్తి చూడు. తెల్లమచ్చ ఉంటే పుంజు. మచ్చ లేకుండా నల్లగా ఉంటే పెట్ట. తండ్రి రంగు కూతురికి, తల్లి రంగు కొడుక్కి. ఈ మాట తప్పితే నా పేరు మార్చుకుంటాను."

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ తెలీదు కాబట్టి ఆ పందెంలో ఆమెకి పోయేదేం లేదు. కానీ కోళ్ల విషయంలో ఆమె మాట తప్పడం ఎవరూ చూడలేదు. మందలో ప్రతి పెట్టనీ చంకలో ఇరికించుకుని, తోక కింద ఎముకల మధ్య వేళ్లు ఆనించి చూసి, వేళ్లు పట్టని వాటిని గుడ్లు పెట్టవని మాంసం కొట్టుకి పంపేసింది. మిగిలిన చుక్కల పెట్టలకి జోడీగా నల్ల పుంజుని తెచ్చింది. ఆ పెట్టలూ ఇప్పుడు ముసలివైపోయాయి. అవి పెట్టే కాసిని గుడ్లూ షాపులకి వెయ్యడానికే చాలవు, ఇంకో విడత పొదిగించడానికి మిగలవు. ఈ విడతలో పెట్టలు దిగకపోతే అమ్మడానికి గుడ్లుండవు, గుడ్లు లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇంకో పిల్లని తీసింది. దానికీ మచ్చ ఉంది.

"పోనీ, మాంసానికి పెంచుదామే," అన్నాడు కొడుకు.

"ఈ జాతి పుంజు అంటే ఎముకలకి తోలు కప్పినట్టు ఉంటుంది. అది కూరగిన్నెలోకి వచ్చేలోపు పెట్టల నోటి దగ్గర దాణా అంతా మింగేస్తుంది. ఉన్న బస్తా పెట్టలకే చాలదు."

మళ్లీ మచ్చ. ఆ తర్వాతదానికీ మచ్చే. గుడ్లమ్మ పెదాలు బిగుసుకున్నాయి. పిల్లని అందుకోవడం, నెత్తి మీద నూగు బొటనవేలితో పక్కకి తొయ్యడం, ముంచడం. ఆమె చెయ్యి అంతకంతకూ తొందరపడుతోంది. వచ్చే పిల్లయినా పెట్ట కాకపోతుందా అన్న ఆశ ఆమెని ఆగనివ్వడం లేదు.

కొడుకు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఆగమ్మా! వరుసగా ఇన్ని పుంజులేంటి? ఎక్కడో తేడా కొడుతోంది. నీ కోడలు షాపులకి గుడ్లు వేసి వచ్చేస్తుంది, అప్పటిదాకా ఆగుదాం."

"కోడలొచ్చి పుంజుని పెట్టని చేస్తుందా? వదులు."

"నీ లెక్కే తప్పేమో?"

ఆ మాట ఆమెకి చురుక్కుమంది.

"తప్పడానికి ఇదేం సోదె కాదురా. పెట్టలు చుక్కలవి, పుంజు నల్లది. అలా ఉన్నంత కాలం ఈ లెక్క తప్పదు. రెండూ చుక్కలవే అయితే పిల్లలన్నిటికీ మచ్చ వస్తుంది, ఏది ఆడో ఏది మగో దేవుడికి కూడా తెలీదు. అందుకేగా ఏరికోరి నల్లదాన్ని తెచ్చాను?"

కొడుకు చెయ్యి వదిలేశాడు. తల్లికి ఎదురు చెప్పడం అతనికి చిన్నప్పటి నుంచీ చేతకాదు, పాపం.

చివరికి ఒక్క పిల్ల మిగిలింది. అది పెట్టె మూలకి ఒదిగి కూర్చుంది. కొడుకు దాని మీద అరచెయ్యి కప్పాడు.

"దీన్నొక్కదాన్నీ వదిలెయ్యవే."

"వదిలేసి ఏం చేసుకుంటావ్? పొద్దున్నే కూతపెట్టించుకుని నిద్ర లేస్తావా?" అని అతని చెయ్యి తప్పించి దాన్నీ తీసుకుంది.

పెట్టె ఖాళీ అయింది. గుడ్లమ్మ బల్బు ఆర్పి, నేల మీద కూలబడి, తడి చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు. "ఒక్కటీ లేదురా! ఒక్కటంటే ఒక్క పెట్ట లేదు. మన నోట్లో మట్టి పడింది!"

ఏడుపు కాస్త తగ్గేసరికి కోపం వచ్చింది. చివాల్న లేచి, వంటింట్లోంచి కత్తి పట్టుకుని గూడు వైపు నడిచింది. నల్ల పుంజుని రెండు రెక్కలూ కలిపి పట్టి బయటికి లాగింది.

అప్పుడే కోడలు ఖాళీ ట్రేలతో గేటు తీసుకుని లోపలికి వచ్చింది. బకెట్ చూసి నిలబడిపోయింది.

"ఏమైందండీ?"

"అన్నీ పుంజులేనట," అన్నాడు కొడుకు. "ఒక్కటీ మిగల్లేదు."

కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవతల గుడ్లమ్మ పుంజు మెడ వెనక్కి వంచి కత్తి ఆనించింది.

"రాజులా మేపాను కదరా నిన్ను! ఒక్క ఆడపిల్లని ఇవ్వలేకపోయావా? ఈ ఇంటిని ముంచింది నువ్వే!"

కోడలు ట్రేలు కింద పడేసి పరుగున వచ్చి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వద్దత్తయ్యా, దాన్ని చంపకండి! పాపం, దాని తప్పేం లేదు. వచ్చిన దగ్గర్నుంచీ అది పెట్టల జోలికే పోలేదు. గుడ్లన్నీ మురిగిపోతే మీరు తట్టుకోలేరని, మధ్యాహ్నం మీరు కునుకు తీసినప్పుడల్లా నేనే పక్కింటి చుక్కల పుంజుని తెచ్చి గూట్లో వదిలేదాన్ని."